యూపీఎస్‌కు బొరుగుల పరుపు

పులివెందులలో ఉన్న మా చెల్లెలికి కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ ఆగిపోతోందట. అందుకని ఈ రోజు ప్రొద్దుటూరు నుంచి బస్సు పార్సిల్‌లో ఒక యూపీఎస్ పంపాను. లోపలి బ్యాటరీ వైర్లు ఊడదీసి, కొనలకు టేపు చుట్టి, కదలకుండా చుట్టూ థర్మాకోల్ కూరి, అట్టపెట్టె మీద 'ఇటు పైకి' అని రాసి స్నానానికి వెళ్లాను. వచ్చి పెట్టెకు తాడు కట్టి తీసుకెళ్లాను.

పార్సిల్ ఆఫీసులో గుమాస్తా పెట్టె ఊపి చూశాడు.

"బ్యాటరీ అంటాండావు, లోపల బొరుగుల చప్పుడు వస్తాందేందప్పా?"

విప్పితే నిజంగానే బొరుగులు, అవే మరమరాలు! థర్మాకోల్ ముక్క ఒక్కటీ లేదు. యూపీఎస్ చుట్టూ బొరుగుల కవర్లే. ఒళ్లు మండి అమ్మకు ఫోన్ చేశాను.

"కూతురింటికి పోయే పెట్టెలో ఆ చెత్త పెడతావేందిరా?" అని ఎదురు నన్నే తిట్టింది.

గుమాస్తా మాత్రం పెట్టె ఇంకోసారి కుదిపి, బ్యాటరీ కదలడం లేదని తీసుకున్నాడు. అది చేరేదాకా నాకు మనసు మనసులో లేదు.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది.

"భలే ప్యాక్ చేసినావన్నా! ఒక్క బొరుగు కూడా నలగలేదు. ఉగ్గాని చేసుకోని తింటాండాం."

"యూపీఎస్ పనిచేస్తాందా?"

"అదింకా పెట్టెలోనే ఉందిలే. తిన్నాక చూస్తాం."

మీ అమ్మలు పార్సిళ్లలో ఏం కూరుతారో చెప్పండి. వచ్చే వారం ప్రింటర్ పంపాలి. మా అమ్మ అప్పుడే బొరుగుల ఉండలకు బెల్లం పాకం పడుతోంది.