ఏనుగు బిళ్ళ

మొన్న ఒక మ్యూజియంలో అద్దం వెనక పాతకాలపు సీసపు నాణెం చూశాను. రూపాయి బిళ్ళంత ఉంది, మీద ఏనుగు. నా ముక్కుకి మాత్రం చేపల వల వాసన తగిలింది.

గుడివాడలో పెరిగిన మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వాన వెలిశాక ఊళ్ళోని పాతకాలపు దిబ్బ మీద మట్టిలోంచి తేలిన పూసలు ఏరుకోవడం. అవి ఎన్నేళ్ళనాటివో మనకెవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. దండకి సరిపడా దొరికితే చాలు. ఒకసారి నాకు పూసలతో పాటు బరువైన బూడిదరంగు బిళ్ళ దొరికింది. లంగాకేసి రుద్దితే ఏనుగు కనబడింది.

పక్కింటి వెంకన్న మావయ్య అరుగు మీద కూర్చుని విసురు వల బాగుచేసుకుంటున్నాడు. బిళ్ళ చూపిస్తే పంటితో కొరికి, "సీసమేనే! వలకి ఒక గుండు తక్కువైంది, భలే తెచ్చావు" అన్నాడు.

"దాని మీద ఏనుగుంది మావయ్యా. ఎవరిదది?"

"ఎవరిదైతే నీకెందుకే? నీళ్ళలో మునుగుతుందా లేదా, అదీ కావాల్సింది."

సుత్తితో రెండు దెబ్బలు వేసి, బిళ్ళని వల అంచు తాడుకి చుట్టేశాడు. ఏనుగు పోయింది. సాయంత్రం మా ఇంటికి రెండు కొర్రమీనులు వచ్చాయి. పులుసు ఏడుస్తూనే తిన్నాను.

"ఎవరిదది?" అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. రేడియోలో రాగం విన్నా, పెడన కలంకారీ దుప్పటి మీద లత చూసినా, ఆకాశంలో చుక్క చూసినా అదే, కాస్త వేషం మార్చుకుని వచ్చేది. డెబ్భై దాటినా ఇంకా అడుగుతూనే ఉన్నాను.

అద్దం కింద చీటీ చదివాను. "సీసం. ముద్ర వేయించిన రాజు పేరు తెలియదు" అని ఉంది.

మావయ్యే నయం. మునుగుతుందనైనా తేల్చి చెప్పాడు.