దవాఖానలో అత్తమ్మ సాక్ష్యం

మా వరంగల్ దిక్కు పెళ్లిలో అందరికంటే పెద్దమనిషి ఫొటోగ్రాఫరే. మేనమామ మాట వినకపోయినా నడుస్తుంది గానీ, ఫొటోగ్రాఫర్ ఆగమంటే అయ్యగారు కూడా మంత్రం ఆపి చూస్తారు. తలంబ్రాలు పోసుకునేవాళ్లు చేతులు అట్లాగే పైకి పట్టుకుని నవ్వుతూ కూర్చుంటారు. అంత అధికారమున్న పనిలో ఉండి కూడా మా ఆయన ఎవ్వరినీ ఆగమని అనడు. ఆగకుండా జరిగిపోయేదే ఆయన కంటికి ఆనుతుంది. అందుకే జనం ఆయన ఫొటోలంటే పడిచస్తారు. అందుకే ఆయనతో నా ప్రాణం విసిగిపోతుంది కూడా.

కాజీపేటలో మాకొక చిన్న స్టూడియో ఉంది. ఆయన ఫొటోలు తీస్తాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆల్బమ్‌లు చేస్తాను. మా మామయ్య రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. మేము ఆదివారం తప్పకుండా గుడికి పోయే క్యాథలిక్కులమే గానీ, మా ఇంట్లో పొయ్యి వెలిగేది అన్ని మతాల పెళ్లిళ్ల పుణ్యాన.

మా ఆయన బద్ధకస్తుడు కాదు. పొద్దున లేచిన దగ్గరనుంచి ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు, చెయ్యాల్సిన పని తప్ప. లైటు స్టాండు బాగుచేయించుకొస్తానని హనుమకొండ పోతాడు, మల్లె మొక్కతో తిరిగొస్తాడు. స్టాండేదయ్యా అంటే నుదురు కొట్టుకుంటాడు. ఆల్బమ్ కోసం మనుషులొచ్చి కూర్చుంటే, ఈయన ఒక్క ఫొటోలో ఆకాశం రంగు సరిచేస్తూ వాళ్లు వచ్చిన సంగతే గమనించడు. నాకా, నోరెక్కువ. "నీ తలకాయల ఏమున్నదయ్యా, గడ్డి ఉన్నదా?" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అన్నప్పుడల్లా ఆయన నిజంగానే ఆలోచించి, "ఏమో, నాకు గూడ సమజైతలేదు" అనేవాడు. అట్లా అనేవాడిమీద ఎంతసేపని కోపం పెట్టుకుంటాం?

అట్లా నెట్టుకొస్తుండగా రఘునాథపల్లి పెళ్లి వచ్చింది.

రెండు రోజుల తర్వాత ఆ ఫొటోలు కంప్యూటర్‌లో వేసుకుని చూస్తున్నాను. జీలకర్ర బెల్లం ఉంది, తలంబ్రాలున్నాయి, అప్పగింతల ఏడుపులున్నాయి. పుస్తె కట్టే ఫొటో లేదు. మెమరీ కార్డులన్నీ వెతికాను. వీడియోవాళ్లు తీసినదాంట్లో చూస్తే, సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న చుట్టాల వీపులు తప్ప ఏమీ లేవు. ఆ సమయానికి మా ఆయన ఎక్కడున్నాడో మాత్రం ఫొటోలే చెప్పాయి. పెళ్లికూతురి నాయనమ్మ అందరి వెనుక మునివేళ్ల మీద నిలబడి, ఎవరో తెలియని మనిషి భుజం పట్టుకుని మనవరాలి మెడ చూడాలని తంటాలు పడుతోంది. ఆమెవే ముప్పై దాకా ఉన్నాయి. మధ్యలో ఒకదాంట్లో ఆమె ముఖం వెలిగిపోతోంది. పుస్తె పడ్డది అప్పుడే అన్నమాట.

ఈ వృత్తిలో దీనికొక ఉపాయం ఉంది. ముడి వేసిన వెంటనే పెళ్లికొడుకును ఇంకోసారి దారం పట్టుకోమని, వేసినట్టు నటించమని ఫొటో తీసుకుంటారు. అందరూ చేసేదే. కానీ తప్పిపోయిందని తెలిస్తే కదా అడగడానికి! ఆయనకు ఆ సంగతి స్టూడియోలో నేను చెప్పేదాకా తెలియదు.

పెళ్లికూతురి తండ్రి వచ్చాడు. అరుస్తాడనుకున్నాం, అరవలేదు. తల్లి ఫొటోలు చాలాసేపు చూశాడు.

"మా అవ్వ గింత సంబురంగ ఉన్న ఫొటో మా ఇంట్ల ఒక్కటి లేదు తమ్మీ" అన్నాడు. "గని పుస్తె లేని ఆల్బమ్ వియ్యంకుల ముంగట ఎట్ల వెట్టాలె? మల్ల పట్టుకొమ్మందామంటే, కట్టిన పుస్తె ముట్టుడేందని ముసలోళ్లు లొల్లి జేస్తాండ్రు."

తిట్టినా బాగుండేది. ఆయన పోయాక మా ఆయన కెమెరా సంచీ జిప్పు వేసి, బీరువా మీద పెట్టి, "ఇగ ఇది అమ్మేస్త" అన్నాడు. జనగామలో ఒకాయనతో ఫోన్లో మాట్లాడాడు. ఆదివారం వచ్చి చూసుకుంటానన్నాడట. మా ఆయన ఇక స్నేహితుడి మొబైల్ షాపులో కూర్చుంటాడట. నేను ఊరుకోలేదు, ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాను. ఆ మనిషి కెమెరా లేకుండా ఎట్లా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు, చూడాలని కూడా లేదు. ఆ భయంతోనే అరిచాను.

మా చెల్లె హనుమకొండలో ఒక దవాఖానలో నర్సు. దానికి ఫోన్ చేసి ఏడ్చాను.

"అక్కా, బావది మతిమరుపు గాదే" అంది. "దాన్ని ఏడీహెచ్‌డీ అంటరు. పిల్లలకే అనుకుంటరు గని పెద్దోళ్లకు గూడ ఉంటది. మా దవాఖానల డాక్టరమ్మ ఉన్నది, తోల్కరా."

"ఏం డాక్టరు?"

"మానసిక డాక్టరు."

మా ఆయనకు ఆ మాట చెప్పగానే లేచి నిలబడ్డాడు. హనుమకొండలో సగం పెళ్లిళ్లు ఆయన తీసినవే. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని ఆయన బెంగ. "కెమెరానే అమ్మెటోడివి, ఇంక ఎవలేమనుకుంటే నీకేంది?" అన్నాను. దాంతో బండి తీశాడు. వచ్చాడు గానీ మాస్కు పెట్టుకుని, హెల్మెట్ తీయకుండానే దవాఖాన బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి పక్కన కూర్చున్న అబ్బాయి వంగి చూసి, "అన్నా, మా పెండ్లి ఫొటోలు మీరే గదా తీసింది?" అన్నాడు. మా ఆయన హెల్మెట్ లోపలే బిగుసుకుపోయాడు. "ఫికర్ జేయకుండ్రి అన్నా, నేను గూడ గీ డాక్టరమ్మ కాడికే వచ్చిన" అన్నాడా అబ్బాయి. హెల్మెట్ అప్పుడు తీశాడు. డాక్టరు పిలిచేదాకా ఇద్దరూ లెన్సుల గురించి మాట్లాడుకున్నారు.

డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడిగింది. ఆయన చెప్పినవాటికంటే నేను అందించినవే ఎక్కువ. అన్నీ విని, "ఇది ఉంటే చిన్నప్పటినుంచే ఉండాలి. మిమ్మల్ని చిన్నప్పుడు దగ్గరగా చూసినవాళ్లను ఒకసారి తీసుకురండి" అంది.

అంటే అత్తమ్మ. ఆమెకు మేము చెప్పనేలేదు. చెప్పేసరికి అగ్గి మీద గుగ్గిలమైంది.

"నా కొడుకుకు ఏం రోగమే? నా కాడ ఉన్నన్ని రోజులు మంచిగనే ఉండె. నీ చేతి కూడు తిన్నంకనే గిట్లయిండు."

"అదే వచ్చి డాక్టరమ్మకు చెప్పు అత్తమ్మా, నా మీద కేసు గూడ వెట్టు" అన్నాను.

శనివారం అత్తమ్మ మాతో బయలుదేరింది. పట్టుచీర కట్టుకుని, మెడలో జపమాల వేసుకుని, డాక్టరమ్మకని ఒక డబ్బాలో తీపి గరిజెలు పెట్టుకుని ఆటో ఎక్కింది. దిగేటప్పుడు డబ్బా ఆటోలోనే మరిచిపోయింది. మా ఇంట్లో ఇది కొత్త కాదు. పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతూ నిలబడే మనిషి. ఇన్నేళ్లూ మాడిన గిన్నెలు తోముతూ నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

లోపలికి పోగానే కొడుకు తరఫున వాదించడం మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, వీడు ఎంత మంచోడో నీకు తెల్వది. పాలకు పంపితే రైలు గేటు కాడ గూడ్స్ బండి డబ్బాలు లెక్కవెట్టుకుంట నిలవడుతుండె. బండి పోయినంక, ఎందుకు వచ్చిండో యాదికి లేక ఉత్త గిన్నెతోని ఇంటికి వస్తుండె. బడిల సార్లు కొట్టిండ్రు. నేను మాత్రం ఒక్క దెబ్బ గొట్టలె."

"మరి మీరేం చేసేవారమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏం జేస్త? గుడిల ఫాదర్ పక్కన గంట గొట్టేందుకు వీన్ని వెట్టిండ్రు. పూజ నడుమ ఫాదర్ దేవుని అప్పం పైకి లేపుతె గంట గొట్టాలె. వీడు పైకి జూస్తడు, కొట్టడు. గుడంత ఎదురుసూస్తది. అందుకని నేను ఆడోళ్ల దిక్కు నుంచి దగ్గుతుంటి. నా దగ్గు ఇని టక్కున కొట్టెటోడు. నాకు దమ్ము రోగమని ఊరంత అనుకున్నరు. పాపం, ఒకామె కషాయం గూడ కాచిచ్చింది."

డాక్టరమ్మ నవ్వింది. మా ఆయన తల వంచుకుని నేలకేసి చూస్తున్నాడు.

"అయితె ఒక్కో ఆదివారం నేనే దగ్గుడు మరిచిపోతుంటి" అంది అత్తమ్మ, ఆ నవ్వు చూసి హుషారై. "గప్పుడు ఫాదర్ కండ్లు ఎర్రజేస్తుండె."

"మీరెందుకు మరిచిపోయేవారు?"

"గుడి కప్పు కింద ఒక పిచ్చుక గూడు వెట్టింది డాక్టరమ్మా. వీడు దాన్నే జూస్తుండె. నేను గూడ దాన్నే జూస్తుంటి."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, ఆయనను అడిగిన ప్రశ్నల్నే మెల్లగా ఆమెను అడగడం మొదలుపెట్టింది. అత్తమ్మ మొదట నవ్వుతూ చెప్పింది. పోనుపోను గొంతు తగ్గింది.

"మా ఆయన గార్డు. నిమిషం తప్పని మనిషి. నాగ్‌పూర్ బండికి పోతె నాకు సంత్రాలు దెస్తుండె, మంచోడే. గని డ్యూటీ టైముకు ఆయన టిఫిన్ డబ్బా ఎన్నడు తయారు లేకపోతుండె. నేను ఉత్తగ కూసోకపోతుంటి గద. పొద్దు గూకేదాక చేస్తనే ఉంటి. గని ఏ పని ఒడువకపోతుండె. బద్దకపుదానివి అనెటోడు. పోయేదాక అన్నడు. నేను గూడ అదే అనుకున్న."

"అది బద్ధకం కాదమ్మా" అంది డాక్టరమ్మ. "పుట్టుకతో వచ్చేది. ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికీ ఉండొచ్చు. మీకు కూడా ఉన్నదేమో చూడాలి."

"కాదా?"

"కాదు."

పక్కన కూర్చున్న నాకు, అత్తమ్మ ముఖం చూడటానికి ముఖం చెల్లలేదు.

బయటికొచ్చి దవాఖాన ఎదురుగా చాయ్ తాగాం. మా ఆయన గ్లాసు చేతిలో పట్టుకుని ఒక్క గుటకైనా తాగలేదు.

"అమ్మా, నువ్వు దగ్గని ఆదివారాలు నా మీద కోపమొచ్చి దగ్గలేదనుకున్న" అన్నాడు. "గిన్నేండ్లు అట్లనే అనుకున్న."

"కోపం ఎందుకొస్తది కొడకా? పిచ్చుక పిల్లలకు మేత వెడ్తాంటె, ఎవలకైన దగ్గు యాదికుంటదా?"

రఘునాథపల్లి పెళ్లి తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. చాయ్ బల్ల దగ్గరే నిలబడి జనగామ ఆయనకు ఫోన్ చేసి, కెమెరా అమ్మడం లేదని చెప్పాడు. అవతలాయన ఏవో రెండు మాటలు అన్నట్టున్నాడు. మా ఆయన ఆ మాటలు పడ్డాడు. తర్వాత లోపలికి పోయి, వచ్చే వారానికి తల్లి పేరు కూడా రాయించి వచ్చాడు.

తల్లీకొడుకులిద్దరికీ అదేనని తేలింది. మాత్రలు ఒక్కటే అన్నీ చేసిపెట్టవని డాక్టరమ్మ ముందే చెప్పింది. మాత్రతో పాటు పద్ధతి కావాలి. ఇప్పుడు ప్రతి పెళ్లికి నేనూ పోతున్నాను. పందిట్లో అడుగు పెట్టగానే ఆయన అయ్యగారి దగ్గరికి పోయి, "అయ్యగారూ, పుస్తె ముట్టే ముందు మైకుల నన్ను జర గట్టిగ పిలవుండ్రి" అని చెప్పుకుంటాడు. మొదట్లో సిగ్గుపడ్డాడు గానీ, ఇప్పుడు పడడం లేదు. అయ్యగార్లకు కూడా సరదాగానే ఉంది. ఒకాయన రైల్వే స్టేషన్లో పిలిచినట్టు పిలుస్తాడు. అయినా కొన్ని తప్పుతూనే ఉన్నాయి, నేను అరుస్తూనే ఉన్నాను. గడ్డి మాట మాత్రం మానేశాను. అత్తమ్మ గిన్నెలు మాడ్చడమూ పూర్తిగా మానలేదు. నేను మాత్రం నోరు మూసుకుని తోముతున్నాను. నా నోటికి అది పెద్ద మందే.

నవంబరు మొదట్లో, మావాళ్లంతా సమాధుల దగ్గరికి పోయి కొవ్వొత్తులు వెలిగించే రోజు వచ్చింది. మామయ్య సమాధికి సున్నం వేయించి, పూలు పెట్టాం. అత్తమ్మ రాతి మీద చెయ్యి వేసి, పక్కింటి మనిషితో చెప్పినట్టే చెప్పింది.

"ఏమయ్యా, ఇంటానవా? నాది బద్దకం కాదట. డాక్టరమ్మ చెప్పింది. నీకు తెల్వకపాయె, నాకు తెల్వకపాయె. నేను ఏమనుకుంటలేను గని, నువ్వు గూడ ఇగ అనకు."

నాకు ఏడుపు ఆగలేదు. చుట్టూ అందరూ ఏడ్చేచోటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కెమెరా చప్పుడు విని అత్తమ్మ తిరిగి చూసింది. మా ఆయన తడి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఆమె కొంగు సర్దుకుని, సమాధికి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"తియ్యి కొడకా, జర మంచిగ తియ్యి. మీ నాయిన గూడ రావాలె అందుల."

"వచ్చిండమ్మా" అన్నాడు.