మావయ్యగారి సబ్‌వూఫర్లు

మా మావయ్యగారు ఉయ్యూరు దగ్గర ఒక రైస్ మిల్లులో ముప్పై రెండేళ్లు మిషను పక్కన నిలబడి పనిచేశారు. ఆ పని మానేసేసరికి ఆయనకు చెవులు దాదాపు పోయాయి. వినికిడి మిషను కొనిపెడితే వారం రోజులు పెట్టుకుని, అందులోనూ మిల్లే వినిపిస్తోందని తీసి డబ్బాలో పెట్టేశారు. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేట్టు నిదానంగా మాట్లాడాలి. ఆయనకు పాటలంటే ప్రాణమని మా వారు చెప్పగా వినడమే తప్ప, ఆయన పాట వింటుండగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఒకసారి ఎవరి కారులోనో పెళ్లికి వెళ్లొచ్చి, "ఆ బండిలో పాట వినపడిందిరా," అన్నారు. ఆ కారు వెనక పెద్ద సబ్‌వూఫర్ ఉందట. లోతైన మోత మాత్రమే పలికే స్పీకరు అది. పాట ఆయన చెవికి కాక వీపుకి తగిలి ఉంటుంది. మర్నాడే మా వారు రెండు సబ్‌వూఫర్లు, వాటిని నడిపే ఆంప్లిఫయర్ ఒకటి తెచ్చి హాల్లో పెట్టారు.

"నువ్వు ఫిజిక్స్ లెక్చరర్‌వి కదా. ఎలా కలపాలో చెప్పు," అన్నారు.

విజయవాడలో ఇంటర్ పిల్లలకు పద్నాలుగేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను. కాగితం తీసుకున్నాను. ఒక్కో స్పీకరు కరెంటుకి పెట్టే అడ్డు నాలుగు ఓమ్‌లు. రెండింటినీ ప్యారలల్‌గా కలిపితే రెండు ఓమ్‌లు. ఓమ్‌లు సగమైతే పవర్ రెట్టింపు. లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు. ఆంప్లిఫయర్‌తో పాటు వచ్చిన చిన్న పుస్తకం మాత్రం తెరవలేదు.

ఆదివారం అన్నీ మా కారు డిక్కీలో బిగించుకుని ఉయ్యూరు వెళ్లి, మావయ్యగారిని వెనక సీట్లో కూర్చోబెట్టాం. మా వారు పాత పాట పెట్టి వాల్యూం పెంచారు. ఆయన వీపు సీటుకి ఆనించి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. కంకిపాడు ఇంకా రాకుండానే వెనక మోత ఆగిపోయింది. ముందు స్పీకర్లలో పాట నడుస్తూనే ఉంది.

ఆయన కళ్లు తెరిచారు. మా వారు పాటతో గొంతు కలుపుతున్నారు. ఆ పెదాల కదలిక ఆయనకు అద్దంలో కనపడింది.

"పాట వస్తోందా?" అని అడిగారు.

నేను వెనక్కి తిరిగి తలూపాను.

"అయితే ఇది కూడా పోయిందన్నమాట," అన్నారు, వాన వెలిసిందని చెప్పినంత మామూలుగా.

కారు పక్కకి ఆపి డిక్కీ తీశాం. ఆంప్లిఫయర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. "నీకేం పోలేదు నాన్నా, పోయింది మిషను," అని మా వారు ఎదురుగా నిలబడి మూడుసార్లు చెప్పారు. ఆయన మూడుసార్లూ సరేనన్నారు. నమ్మినట్టు లేదు.

మర్నాడు కాలేజీ అయ్యాక ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్లాం. కార్లలో స్పీకర్లు బిగించే ఆయనకు యాభై ఏళ్లుంటాయి. డిక్కీలోకి వంగి చూశాడు.

"ఎవరు కలిపారండీ ఇది?"

మా వారు నావైపు చూశారు. నేను షాపు బోర్డువైపు చూశాను.

"ఈ ఆంప్‌కి నాలుగు ఓమ్‌లకన్నా తక్కువ పెట్టకూడదండీ. మీరు రెండు పెట్టారు. కరెంటు ఎక్కువ లాగేసింది. వేడెక్కి, దానంతటదే ఆగిపోయింది."

"రెండు ఓమ్‌లైతే పవర్ డబుల్ అవుతుంది కదండీ," అన్నాను.

"అవుతుందండీ, ఇచ్చేదానికి ఓపికుంటే."

పద్నాలుగేళ్లలో నేను బోర్డు మీద గీసిన బ్యాటరీల్లో ఒక్కటీ వేడెక్కలేదు.

అతను రెండు స్పీకర్లనీ ఒకదాని తర్వాత ఒకటిగా, సిరీస్‌లో కలిపాడు. ఇప్పుడు ఎనిమిది ఓమ్‌లు. మోత కాస్త తగ్గుతుందనీ, ఆగిపోవడమైతే ఉండదనీ చెప్పాడు. మేడం ఏం చేస్తారని అడిగితే మా వారు చెప్పేశారు. అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"అయితే ఒక డౌటండీ," అన్నాడు. "స్పీకరు మీద నాలుగని రాసుంటుంది. మీటరు పెడితే మూడున్నరే చూపిస్తుంది. ఇరవయ్యేళ్ల నుంచి చూస్తున్నాను. ఎందుకంటారు?"

మీటరు పంపేది ఒకే దిక్కున పోయే కరెంటనీ, అది తీగ అడ్డుని మాత్రమే కొలుస్తుందనీ చెప్పాను. పాట అలా కాదు. అందులో కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఆ ఊగడానికి తీగచుట్ట ఇంకొంచెం అడ్డం పడుతుంది. రెండూ కలిసిన అడ్డునే ఇంపీడెన్స్ అంటారు.

"అంటే పాట పెడితేగాని దాని అసలు ఓమ్‌లు తెలియవన్నమాట."

"అంతేనండీ."

అతను పక్క షాపాయన్ని పిలిచి, మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. క్లాసులో నన్నెవరూ రెండోసారి చెప్పమని అడగలేదు.

తర్వాతి ఆదివారం మావయ్యగారు "ఎందుకులే అమ్మా" అన్నారు. బతిమాలి ఎక్కించాం. మోత నిజంగానే తగ్గింది. ఆయన కాసేపు కదలకుండా కూర్చుని, తర్వాత పక్కకి తిరిగి అరచెయ్యి సీటుకి ఆనించారు. కంకిపాడు దాటింది. ఆగలేదు. మా వారు వెనక అద్దంలోకే చూస్తుంటే, రోడ్డు చూడమని నేను చెప్పాల్సి వచ్చింది.

"రెండో చరణంలో డోలక్ వాయించినాయన తొందరపడ్డాడు," అన్నారు మావయ్యగారు.

మా వారు పాట వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. మా ఇద్దరికీ తేడా తెలియలేదు.

"చూశారా," అన్నారాయన, చెయ్యి తియ్యకుండానే.