చింతపిక్క రంగు దుప్పటి

వెంకటలక్ష్మి పన్నెండేళ్ళప్పుడు మామిడి తోటలో పనికి చేరింది. నలభై ఏళ్ళు కాయలు ఏరింది, గడ్డి పరిచి గంపలకెత్తింది. దెబ్బతిన్న కాయను చూడకుండానే వేలితో పసిగట్టేది. రెండు చేతులకూ పని కాబట్టి చుట్టను అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఆమె తల్లీ అలాగే తాగింది.

అంగిట్లో పుండు లేచింది. క్యాన్సరన్నారు. గుంటూరు ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించారు. మానినట్టే మానింది. పంతొమ్మిది వందల ఎనభై ఆరు వేసవికి మెడలో గడ్డ కట్టి అది పుండయింది.

డాక్టరు ఆమె భర్త నరసింహులును వరండాలోకి పిలిచాడు.

"పుండు కింద పెద్ద రక్తనాళం ఉంది. ఏదో ఒకరోజు తెగుతుంది. అప్పుడు ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు, దారిలోనే పోతుంది. ముదురు రంగు గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకో. అందులో నెత్తురు కనపడదు. చూసిందంటే భయపడుతుంది."

"మా ఆడమనిషికి చెప్పమంటారాండీ?"

"నీ ఇష్టం."

చెప్పలేదు. నూజివీడులో బస్సు దిగి చింతపిక్క రంగు దుప్పటి కొన్నాడు.

"ఎండాకాలం దుప్పటేంటయ్యా, మతిపోయిందా?" అంగిలి చెడి వెంకటలక్ష్మి మాట ముక్కులోంచి వచ్చేది.

"బాగుందని కొన్నా."

"పెళ్ళప్పుడు లేని ముచ్చట!" నవ్వబోయి మెడ పట్టుకుంది.

పుండు మనిషికి కొత్తదెందుకని పెట్టెలో పెట్టింది. అతను తీసి మంచం మీద వేస్తే మళ్ళీ మడిచి పెట్టేది.

కూతురు సరోజ చాట్రాయి నుంచి పసిబిడ్డతో వచ్చి రెండు రోజులుంది. వెళ్ళేటప్పుడు తల్లి దుప్పటి తీసి ఆమె చంకన పెట్టింది.

"అది ఉండనీవే. పిల్లకి ఇంకోటి కొందాం," అన్నాడు నరసింహులు.

"చూడవే మీ నాన్న పిసినారితనం! మనవరాలికి గుడ్డముక్క ఇవ్వలేడు."

ఎందుకో చెబితే తప్ప ఆపలేడు. బస్సు దగ్గర కూతురికైనా చెబుదామనుకున్నాడు. బిడ్డ ఆమె ఒళ్ళో పాలు తాగుతోంది. చెప్పలేదు. ఇంకోటి కొనాలంటే నూజివీడు వెళ్ళాలి. భార్యను ఒక్కదాన్ని వదిలి వెళ్ళే ధైర్యం చాలలేదు.

బుధవారం పొద్దున గంజి తాగిస్తుండగా తెగింది. అతని భుజాన తెల్ల తువ్వాలే ఉంది. ఒక చేత్తో దాన్ని మెడకు అదిమి, రెండో అరచేయి ఆమె కళ్ళ మీద పెట్టాడు.

వెంకటలక్ష్మి ఆ చేయి తీసేసింది. తువ్వాలు చూసింది. తన ఒళ్ళు చూసుకుంది. తర్వాత అతని ముఖం చూసింది, ఇంకెటూ చూడలేదు. ముఖం ఎలా పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మామిడి కోతకు వెళ్తున్నవాళ్ళు వాకిట్లో ఆగారు.

"ఏం బావా, ఇవాళ కూడా మా అక్క కొంగు వదలవా?"

ఇంకోసారి పిలిచి వెళ్ళిపోయారు.