సాంచెలు ఆగిన గల్లీ

జగిత్యాల నుంచి సిరిసిల్లకు వచ్చి, మా పాత గల్లీలో అరగంటగా తిరుగుతున్నాను. రోడ్డు వెడల్పయింది, మధ్యలో డివైడర్ వచ్చింది, ఎవరూ తప్పిపోకుండా నీలం బోర్డు కూడా పెట్టారు. సాంచెలను, అంటే మరమగ్గాలను, ఊరి బయటికి పంపించారు. అంతా బాగుంది. మా ఇల్లే దొరకడం లేదు.

ఏడేళ్లప్పుడూ ఇట్లాగే తప్పిపోయాను. మా నాన్న సాంచె నాలుగు చప్పుళ్లకోసారి కుంటేది. ఆ కుంటు వినబడిన చోట మా ఇల్లు. ఒక మధ్యాహ్నం ఉప్పు కొనుక్కొని వస్తుంటే గల్లీ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. మా ఇంటిని ఎవరో ఎత్తుకుపోయారనుకొని ఏడ్చాను.

గడపలో బీడీలు చుడుతున్న రాజవ్వ తలెత్తింది. "ఏమైంది బిడ్డా?"

"మా ఇల్లు పోయిందవ్వా."

"ఇల్లు యాడికి పోతది? కరెంటు పోయింది. అచ్చేదాక గీడనే కూసో."

కూర్చున్నాను. కరెంటు వచ్చింది. కుంటు చప్పుడు వెంట నడిస్తే నాలుగో గడపే మాది.

ఇప్పుడూ రాజవ్వ మాట విని డివైడర్ మీద కూర్చున్నాను. ఎదురు దుకాణంలో ఫ్యాను తిరుగుతోంది. కరెంటు ఉంది.