నాది కాదన్న బిడ్డ

సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఇప్పుడు నా పేరు మరియమ్మ, అప్పుడు ఈరమ్మ. సిరుగుప్ప దగ్గర మా ఊళ్ళో పెళ్ళయిన ఆరేళ్ళలో నాకు ముగ్గురు పిల్లలు పుట్టి, ముగ్గురూ రెండు నెలలు నిండకుండానే పోయారు. మొదటివాడు పోయినప్పుడు ఏడ్చాను, రెండోవాడు పోయినప్పుడు కనబడినవాళ్ళనల్లా తిట్టాను, మూడోది పోయినప్పుడు ఏడుపూ తిట్టూ ఏదీ రాక వాకిట్లో కూర్చుని రాగులు విసురుకున్నాను, అది చూసి వీధిలో ఆడవాళ్ళు నాకు దయ్యం పట్టిందన్నారు. పట్టిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

నాలుగో కాన్పుకు ఆడపిల్ల. ఈసారీ నాకు పాలు పడలేదు. మేకపాలలో కాలువ నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని, నెల తిరగకుండానే దానికీ విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు మా అత్త, పిల్లలు నిలవని ఇళ్ళలో చేసే పద్ధతి చేద్దామంది. బిడ్డను చేటలో పెట్టి తిప్ప మీద, అంటే పేడదిబ్బ మీద, వదిలేయాలి. పరాయి ఆడమనిషి వచ్చి ఎత్తుకోవాలి. ఎవరు అడిగినా తల్లి నాది కాదనాలి. ఆ తర్వాత ఎత్తుకున్నామెకు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కోవాలి. తల్లి నోట నాది అన్న మాట వింటే చావు మళ్ళీ ఆ బిడ్డ కోసమే వస్తుందని, ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుంటే వదిలేసి పోతుందని మావాళ్ళ నమ్మకం. నా బంగారం, నా తండ్రి అని ముద్దాడి ముగ్గురిని పోగొట్టుకున్నదాన్ని, నమ్మక నేనేం చేయను?

ఎత్తుకోవడానికి పక్కవీధి హుసేన్‌బీని మా అత్త ముందే ఒప్పించి పెట్టింది. ఆమె బర్రెకు గడ్డి వేసి వస్తానని ఆలస్యం చేసింది. ఇంతలో బళ్ళారి ఆస్పత్రి జీపు వచ్చి ఆగింది. అది ఆ ఏడాదే మొదలై, ప్రతి గురువారం ఊరూరా తిరిగి పసిపిల్లలను తూచి, తల్లులకు పాలపొడి పంచే జీపు. ఆ పొడి తాగితే కులం చెడుతుందని మేము ఎన్నడూ దాని దగ్గరకు పోలేదు. అందులోనుంచి సారమ్మ అనే మలయాళం నర్సు దిగింది, తిప్ప మీద బిడ్డను చూసింది, పరుగెత్తి ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

"యార మగు ఇదు?" అంది ఆమెకు వచ్చిన కన్నడంలో, ఎవరి బిడ్డ ఇది అని.

"మాది కాదమ్మా" అన్నాను.

అందరి మొహాలూ చూసి, మళ్ళీ నా వైపే తిరిగి అడిగింది. కాదన్నాను. మూడోసారి నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగింది. కాదన్నాను.

మా అత్త సంతోషం పట్టలేకపోయింది. "ఆస్పత్రి ఆయమ్మే ఎత్తుకొనింది, ఇంగ దానికేం గాదులే. బిరీన పోయి తవుడు తీస్కోని రా పో" అంది. నేను తవుడు తెచ్చేసరికి జీపు కాలువ వంతెన దాటుతూ ఉంది. తవుడు చేట నెత్తిన పెట్టుకుని జీపు వెంట పరుగెత్తాను సహోదరులారా, మీకు నవ్వు వస్తే నవ్వండి, ఇప్పుడు నాకూ వస్తుంది.

మడిలోనుంచి వచ్చిన మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "తల్లివి గదా, యాడికి ఎత్కపోతాండావని నోరు తెరిచి అడగలేదేమే?"

"అడిగితే నాదని తెలిసిపోతాది గదా" అన్నాను.

మరునాడు తవుడు మూటతో బస్సెక్కి బళ్ళారి పోయాను. పిల్లల వార్డులో ఊయలలో నా బిడ్డ ఉంది. ఫలానా ఊరినుంచి బిడ్డను చూసిపోదామని వచ్చానని చెప్పి, తవుడు సారమ్మ చేతిలో పెట్టాను. ఆమె దండం పెట్టి తీసుకుని ఆస్పత్రి ఆవుకు పంపించింది. నేనేమో బిడ్డను కొనుక్కున్నాననుకున్నాను, ఆమేమో ఎవరో పుణ్యాత్మురాలు ఆవుకు మేత తెచ్చిందనుకుంది. బిడ్డను ఎత్తుకోబోతే చేయి అడ్డం పెట్టి, తల్లి వచ్చి అడిగితేనే ఇస్తానంది.

తొమ్మిది రోజులు ఆ వరండాలో ఉన్నాను. పనిలో సాయం చేస్తానంటే ఉండనిచ్చారు. సారమ్మ నీళ్ళు కళపెళ మరగకాచి, చల్లార్చి, పాలపొడి కలిపి, మరగబెట్టిన ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోసేది. అన్నిసార్లు ఎందుకు కాస్తావమ్మా అని అడిగితే, నీళ్ళలోనే జబ్బు ఉంటుందని చెప్పింది. నేను వరండా చివరికి పోయి గోడకు తిరిగి నిలబడ్డాను. ముగ్గురికీ ఆ కాలువ నీళ్ళు పోసింది నా చేతులే. చావు ఎక్కడినుంచో వస్తుందని తలుపు వైపు చూస్తూ కూర్చున్నానే, నా చేతి గిన్నెలోనే ఉందా? ఎవరిని అడగాలో తెలియలేదు.

తొమ్మిదో రోజు పెద్ద డాక్టరమ్మ వచ్చి, బిడ్డ కోలుకుంటోంది, తల్లి దొరకలేదు కాబట్టి సాయంత్రం రైలుకు దూరాన ఉన్న అనాథ శరణాలయానికి పంపుతామంది. నాదంటే బిడ్డ చచ్చిపోతుంది, కాదంటే రైలెక్కిపోతుంది. ఆ ఉదయం వార్డు ప్రార్థనలో, పేతురు తన ప్రభువును ఎరుగనని మూడు మార్లు అన్న భాగం చదివారు. ఆ పేతురెవరో, ఆ ప్రభువెవరో నాకు తెలియదు, కానీ ఆ మూడు మార్లు అన్న మాట విని నన్ను గురించి వీళ్ళకు ఎవరో చెప్పేశారనుకున్నాను. గుడ్డలు ఉతికే బండ దగ్గరకు పోయి కూర్చుని ఇలా అడిగాను.

"సామీ, నువ్వెవరో నాకు తెల్దు. ఈ ఆస్పత్రోళ్ళ దేవుడివంట. నాదంటే పోతాదంటారు మావాళ్ళు, నాది గాదంటే ఇయ్యరు వీళ్ళు. నాకేం తోచకుండా ఉండాది. నేను నాదనే చెప్తాండా. వినేదుంటే నువ్వొక్కడివే ఇను, ఇంకెవర్నీ విననియ్యొద్దు."

లేచి పోయి సారమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, "నా బిడ్డమ్మా, నేనే పెట్టినా తిప్ప మీద, నా బిడ్డ" అన్నాను. అన్నాక వద్దన్నా నోరు ఆగలేదు, నా బిడ్డ నా బిడ్డ అని అంటూనే ఉన్నాను. ఆమె తిట్టలేదు. బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఇక పోతుంది, ఇక పోతుంది అని ఆ పగలంతా దాని రొమ్ము మీదే కళ్ళు పెట్టి కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు అది ఆకలేసి నా వేలు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఏడవడానికి బలం వచ్చింది సహోదరులారా, దేవునికే మహిమ.

అదే ఆ మూడో వరుసలో కూర్చున్న కరుణ. మా అత్త ఈనాటికీ తిప్పమ్మా అనే పిలుస్తుంది, ఇది రెండింటికీ పలుకుతుంది.

పాస్టరు అయ్యగారు నన్ను, తిప్ప సంగతి వదిలేసి ప్రార్థన సంగతి మాత్రం చెప్పమన్నారు. ఎలా వదిలేది అయ్యగారూ? తిప్ప మీద పెట్టకపోతే సారమ్మ ఎత్తుకునేది కాదు, బిడ్డ దక్కేది కాదు. అయితే ఆ తిప్ప కూడా దేవుడిదేనా? బిడ్డను బతికించింది పాలపొడా, కాచిన నీళ్ళా, నా ప్రార్థనా? అన్నీ ఆయనవే అంటారు మీరు, సరే అంటాను. మరి ఆ ముగ్గురి రోజుల్లో ఒక్క జీపూ ఎందుకు రాలేదు? నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఆయనను పట్టుకుని ఉన్నాను, ఆయనా నన్ను వదలలేదు.

పసిబిడ్డల తల్లులారా, గురువారం ఆ జీపులో ఇప్పుడు నేనూ వస్తాను. సిగ్గుపడకండి, భయపడకండి, బిడ్డను దాచకండి. నీళ్ళు కాచి పోయండి. నాది అని చెప్పి బిడ్డను నా చేతికివ్వండి, ఆ మాట ఎవరు విన్నా మన ప్రభువు బిడ్డను కాచుకుంటాడు. ఇదంతా మీకు చెబుతున్నానే కానీ, పిల్లలెందరమ్మా అని ఎవరైనా అడిగితే ఇన్నేళ్ళూ ఒక్క కూతురే అని చెబుతూ వచ్చాను. పోయినవాళ్ళను నావాళ్ళంటే ఉన్నదానికి కీడని, ఆ పాత భయం ఒక మూల ఉండనే ఉంది. ఈ పూట మీ అందరి ఎదుట, ఆయన ఎదుట చెబుతున్నాను, నాతో కూడ స్తోత్రం చెప్పండి. పెద్దవాడు ఈరన్న, రెండోవాడు మల్లయ్య, మూడోదానికి పేరు పెట్టే పొద్దు లేకపోయింది, నాలుగోది కరుణ. నాకు నలుగురు పిల్లలు.