మూడు గ్రాములకు లేవని ముల్లు

కాటాల విషయంలో నా అంత మూర్ఖుడు మా ఛత్రినాక బస్తీలో ఇంకొకడు ఉండి ఉండడు. నిజానికి ఉద్యోగరీత్యా నేను తూకాల మనిషిని. ఒక సర్కారీ కంపెనీ స్టోర్సులో ఇనుప కడ్డీలు, రాగి చుట్టలు తూయించి రసీదులు రాయడం నా పని. టన్నుల్లో పొల్లు పోనివ్వనివాణ్ణి, ఇంట్లో మూడు గ్రాముల ముందు బోర్లాపడ్డాను.

ఆ మూడు గ్రాములు మా అక్కవి. బావ పోయాక అక్క నా దగ్గరికే వచ్చేసింది. ఇంట్లో మేమిద్దరమే. వంట ఆమెది, వంకలు నావి. పంతొమ్మిదివందల డెబ్బైల్లో ఒక ఎండాకాలం ఆమె పాదాలు వాయడం మొదలైంది. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడేది కాదు. పెద్దాసుపత్రి డాక్టరు కిడ్నీలు చెడిపోతున్నాయన్నాడు. మందులు రాసి, "ఈమె వంటలో ఉప్పు రోజుకు మూడు గ్రాములు. మించితే ప్రమాదం. అందాజా వద్దు, తూచి వెయ్యండి" అన్నాడు. మూడు అనే అంకెకు మన భాషలో మూడడం అనే చుట్టం ఒకటుందని నాకప్పుడు తోచలేదు. డాక్టరు మాట తు.చ. తప్పకుండా పాటిద్దామనుకున్నాను. తు.చ. తప్పలేదు, తూచడమే తప్పింది.

అక్కే దారి చూపించింది. "కంసాలాయన దగ్గర చిన్న తక్కెడ ఉంటది చూడు తమ్మీ, గసుంటిది తెస్తె సాలు."

"బంగారం తూచేది ఉప్పుకెందుకే అక్కా?"

"ఇగ మనకు ఉప్పే బంగారమాయె గదరా."

నేను వినలేదు. బస్టాపుకు పోయే దారిలో ఒక సేటు కిరాణా దుకాణముంది. అందులో కొత్తగా దిగిన స్ప్రింగు కాటా మీద నా కన్ను పడింది. గడియారంలాంటి గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు, ఐదు కిలోల దాకా అంకెలు, నెత్తిన తెల్లటి పళ్ళెం. మా స్టోర్సులోని పెద్ద కాటాకు పుట్టిన బిడ్డలా ఉంది.

"దేఖో భాయ్, బంబయి మాల్," అన్నాడు సేటు దాని నెత్తి నిమురుతూ. "రవ్వంత ఫరక్ వస్తె నా దుకాణం మీద ఒట్టు."

"మూడు గ్రాములు తూస్తదా సేట్? మా అక్కకు పత్తెం."

"మూడేంది, మూడు వందలేంది? కాంటాకు సబ్ బరాబర్!"

కాంటా అంటే వాళ్ళ మాటలో తూకం యంత్రమూ అవుతుంది, ముల్లూ అవుతుంది. యంత్రం కొన్నాననుకుని నేను ముల్లు కొని తెచ్చుకున్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే ఉప్పు తూయడం నా కొలువైంది. పళ్ళెంలో కొద్దికొద్దిగా పోస్తూ, ముల్లు సున్నా మీంచి వెంట్రుకవాసి కదిలితే అదే మూడు గ్రాములని తీర్మానించుకున్నాను. ఆ వెంట్రుకవాసికి రెండు చెంచాల ఉప్పు పట్టేది.

"ఏందిరా, నేనెప్పుడూ ఏసేది సుత గింతే గద?" అంది అక్క. "డాక్టరు తగ్గియ్యమన్నడా, గిట్లనే కానియ్యమన్నడా?"

"నీది చేతి అందాజా అక్కా, గిది మిషిన్."

అక్క తన గిన్నెలో పప్పు కలుపుకుని తింటూ, "పత్తెమంటె చప్పగుంటదని మస్తు ఫికర్ పడ్డ. మంచిగనే ఉన్నది," అంది. ఆ పూట నాకెంత సంతోషమేసిందో! ఆ సంతోషాన్ని ఇప్పటికీ మింగలేను, కక్కలేను.

వాపు మోకాళ్ళకు పాకింది. బోనాల నాడు అక్క గుడిదాకా నడవలేక గడపలో కూర్చుని, నెత్తిన బోనాలతో పోయే ఆడవాళ్ళను చూస్తూ ఉండిపోయింది. మందులు పనిచేయడం లేదని నేను డాక్టరు మీద విసుక్కున్నాను.

తర్వాత ఒక ఆదివారం అక్క చింతపండు గింజలు తీస్తూ, ఊరికే ఒక గింజను కాటా మీద వేసింది. ఇంకొకటి వేసింది. వేస్తూనే ఉంది. ముల్లు కదల్లేదు. చివరికి గుప్పెడు పోసింది. అప్పుడు కదిలింది.

"తమ్మీ, ఇటు రా. నీ కాటాది మొద్దు నిద్రరా. గుప్పెడేస్తెగని లేస్తలేదు. మరి ఉప్పుకు సుత గంతే గద?"

నవ్వుతూనే అంది. కిలోలు తూయడానికి చేసిన యంత్రానికి గ్రాములు ఆనవని, రోజంతా తూకాల మధ్య బతికే నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే కంసాలిని బతిమాలి చిన్న తక్కెడ తెచ్చాను. అందులో తూస్తే మూడు గ్రాములు అర చెంచాకు మించలేదు. ఆ రాత్రి పప్పు నోట్లో పెట్టుకుని అక్క మొహం చిట్లించింది. "పత్తెం ఇప్పుడు మొదలైందిరా," అంది.

అక్క దసరా దాకా ఉండలేదు. ఉప్పు వల్లేనా అని డాక్టరును అడిగాను. "అదొక్కటే కారణమని చెప్పలేం," అన్నాడు. ఆ 'ఒక్కటే'ను ఏ తక్కెడలో పెట్టి తూచుకోవాలో నాకు తెలియలేదు.

కర్మకాండ ముగిశాక, జీతాల వారంలో, దుకాణం కిటకిటలాడే సాయంత్రం చూసుకుని, కాటాను సంచిలో వేసుకుని సేటు దగ్గరికి పోయాను.

"ఐదు గ్రాముల యాలకులియ్యి సేట్."

సేటు చిన్న ఇత్తడి తక్కెడ అందుకున్నాడు. నేను సంచిలోంచి కాటా తీసి గల్లాపెట్టె పక్కన పెట్టాను. "దాంట్ల కాదు, దీంట్ల."

"అరె భాయ్, ఛోటే మాల్‌కు ఛోటా కాంటా హోనా."

"అమ్మిననాడు గీ ముచ్చట చెప్పలె. సబ్ బరాబర్ అన్నవ్. దుకాణం మీద ఒట్టు పెట్టినవ్."

జనం మెడలు చాచారు. సేటు నాలుగు యాలకులు వేశాడు. ముల్లు పడుకునే ఉంది. ఇంకో నాలుగు వేసి ముఖం తుడుచుకున్నాడు. నా వెనక నిలబడ్డ ముసలమ్మ, "పొయ్యి సేటూ, ముల్లు లేసేదాక పొయ్యి. ఒట్టంటివి గద!" అంది. సేటు పోశాడు. పళ్ళెం పచ్చగా నిండసాగింది. ఎట్టకేలకు ముల్లు వెంట్రుకవాసి కదిలింది.

"సాలు, ఐదు గ్రాములయినయి," అని యాలకులు పొట్లం కట్టించుకుని, ఐదు గ్రాముల ధరే ఇచ్చాను. కాటాను అక్కడే వదిలేసి మెట్లు దిగుతుంటే వెనక నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

"సేటూ, నాకు లవంగాలు. గా పెద్ద కాటా మీదనే తూచు."